కొసరు పోయి కోత వచ్చింది

(2025 నవంబరులో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా తెనాలి దగ్గర ఒక ఊరి గ్రంథాలయంలో, రిటైరైన లెక్కల టీచరు ఒకరు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ అమ్మాయిలు ముందుకు రండమ్మా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈ సంచిలో కొన్ని కవర్లు తెచ్చాను, అవి దగ్గర నుంచి చూడాలి మీరు. రండి, రండి.

గ్రంథాలయ వారోత్సవాలు కదా, ఏదైనా ఒక పుస్తకం గురించి మాట్లాడమన్నారు. నేను మా ఇంటి పుస్తకమే తెచ్చాను. ఇదుగో. పద్దు పుస్తకం. 1991లో కాపురం పెట్టినప్పటి నుంచి రాస్తున్నాను, ఇది పదకొండో పుస్తకం. ప్రతి నెలా మొదటి పేజీ మీద "నెల వెచ్చాలు" అని ఉంటుంది. కందిపప్పు ఇంత, నూనె ఇంత, ఉప్పు, చింతపండు, సబ్బులు. ఎదురుగా రూపాయలు. అంతే. ముప్పై ఏళ్లు అలాగే రాశాను. అలా రాయడం తప్పని 2022లో తెలిసింది. ఆ సంగతి చెబుతాను, వినండి.

మా ఇంట్లో అంట్లు తోమే సబ్బు పది రూపాయలది వాడతాం. నెలకి నాలుగు. ఏళ్ల తరబడి నాలుగే. ఆ ఏడాది ఎండాకాలంలో నాలుగు సరిపోవడం లేదు. నెలాఖరుకి అయిదోది తెప్పించాల్సి వస్తోంది. పుస్తకం తీసి చూస్తే ధర మారలేదు, పది రూపాయలు పది రూపాయలే. మరి ఎందుకు చాలట్లేదు? నాకేమనిపించిందో చెప్పనా? మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ఎక్కువ వాడుతోందని అనిపించింది. అనిపించి ఊరుకున్నానా? ఊరుకోలేదు. "ఏమ్మా, సబ్బు నీళ్లలో నానబెట్టి వదిలేస్తున్నావా, కాస్త చూసుకుని వాడు" అని అన్నాను.

ఆ అమ్మాయి ఏమీ అనలేదు. సింకు కింద వంగి, పైపు పక్కన ఇరికించి ఉన్న పాత కవరు ఒకటి తీసింది. పైపు కారకుండా దాన్ని మడతపెట్టి తనే అక్కడ కుక్కిందట ఎప్పుడో. దాన్ని విప్పి, కొత్త సబ్బు కవరు పక్కన పెట్టింది. "అమ్మగారూ, ఇక్కడ చూడండి" అంది. పాతదాని మీద 155 గ్రాములు. కొత్తదాని మీద 135 గ్రాములు. రంగు అదే, బొమ్మ అదే, ధర అదే.

నాలుగు నూటయాభై అయిదులు ఎంత? ఆరువందల ఇరవై. ఆరువందల ఇరవైని 135తో భాగించండి. నాలుగున్నర దాటుతుంది. అయిదో సబ్బు రావాల్సిందే కదా! ముప్పై ఏళ్లు పిల్లలకి నిష్పత్తి, అనుపాతం చెప్పినదాన్ని, నా వంటింట్లో జరుగుతున్న అనుపాతం నాకు కనపడలేదు. బడికి వెళ్లే అవకాశం దొరకని అమ్మాయి చూసింది. ఆ రోజే ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాను. ఈ రోజు మీ అందరి ముందూ ఇంకోసారి చెబుతున్నాను. తనూ వచ్చింది, అదుగో, కిటికీ పక్కన కూర్చుంది.

ఇంత చిన్న సంగతి ఇంతసేపు ఎందుకు చెప్పానంటారా? ధర పెరిగితే ఏం చేస్తాం మనం? ప్రభుత్వాన్ని అంటాం, కంపెనీని అంటాం, వ్యాపారిని అంటాం. ఇంటిల్లిపాదీ కలిసి అంటాం. అదే తూకం తగ్గితే? ఇంట్లో మనిషిని అంటాం. "మొన్ననే కదా నూనె తెచ్చాను, అప్పుడే అయిపోయిందా" అంటారు. ఎవరిని అంటారు? కోడలిని అంటారు. భార్యని అంటారు. పనమ్మాయిని అంటారు. "బిస్కెట్లన్నీ నువ్వే తినేశావా" అని పిల్లల్ని అంటారు. మీ ఇళ్లలో ఈ మాట రాలేదా? నిజం చెప్పండి. చేతులెత్తండి చూద్దాం... చూశారా, సగం మంది పైనే ఎత్తారు.

అంటే కవరులో తగ్గిన ఇరవై గ్రాముల నింద వంటింట్లో ఉన్న మనిషి మీద పడుతోంది. నాకు బాధ కలిగించేది ఇదే. డబ్బు పోవడం ఒక ఎత్తు, చేయని తప్పుకి మాట పడటం ఇంకో ఎత్తు.

మా చిన్నప్పుడు సరుకు తెమ్మని పంపితే పొట్లాలే. గిద్ద, సోల, తవ్వ, మానిక అని కొలతలు. పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. కొలిచాక కొట్టాయన పిడికెడు తీసి పైన పోసేవాడు. దాన్ని ఏమనేవాళ్లం? కొసరు. కొసరు వేయకపోతే మా అమ్మమ్మ కొట్టు దిగేది కాదు. అసలు కంటే కొసరు ముద్దు అన్నారు. మరి ఇప్పుడు? కొసరు సంగతి దేవుడెరుగు, అసలులోనే కోస్తున్నారు. అదీ మన కళ్ల ముందు కాదు.

అమ్మా, ఒక తేడా మాత్రం స్పష్టంగా చెప్పాలి. కవరు మీద 500 గ్రాములని అచ్చేసి లోపల 450 పోస్తే అది మోసం, చట్టం ప్రకారం నేరం. తూనికలు కొలతల శాఖ కేసు పెడుతుంది. కవరు మీద 450 అనే అచ్చేసి, లోపల 450 పోసి, పాత ధరకి అమ్మితే? అది నేరం కాదు. వాళ్లు చెప్పే చేస్తున్నారు. ఎక్కడ చెబుతున్నారు? వెనక వైపు, కింద, ఆవగింజంత అక్షరాల్లో.

ఇదివరకు కొన్ని సరుకులు ఎంతెంత తూకంలో ప్యాక్ చేయాలో చట్టంలోనే ఒక పట్టిక ఉండేది. టీ పొడి, ఉప్పు, నూనె, బిస్కెట్లు, సబ్బులు ఇలాంటివాటికి. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల్లో రెండో షెడ్యూలు అది. 2022లో ఆ షెడ్యూలు తీసేశారు. ఇప్పుడు కంపెనీ ఇష్టం, 135 గ్రాములు చేసుకోవచ్చు, 870 గ్రాములు చేసుకోవచ్చు. అది తీసేసి దానికి బదులు మనకొకటి ఇచ్చారు. ఒక్క గ్రాముకి ఎంత ధర పడుతుందో కవరు మీద అచ్చేయాలని నిబంధన పెట్టారు. కేజీ లోపు ప్యాకెట్ అయితే గ్రాము ధర, కేజీ దాటితే కేజీ ధర. నూనెలాంటివాటికి మిల్లీలీటరు, లీటరు.

మీలో ఎంతమంది చూశారు దాన్ని? ఒకరు, ఇద్దరు... సరే. ఈ కవర్లు తీసుకుని ఒకరి చేతికి ఒకరు ఇచ్చుకోండి. ఎమ్మార్పీ ఉన్నచోటే, దాని పక్కనో కిందో, ఇంగ్లీషులో యూఎస్‌పీ అని మూడక్షరాలు, దాని ఎదుట రూపాయలు, పైసలు, గ్రాముకి అని ఉంటుంది. కళ్లజోడు లేకపోతే ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. కొట్లో నిలబడి చూడండి, సిగ్గుపడొద్దు. మన డబ్బు అది.

ఇప్పుడు లెక్క. భయపడకండి, అయిదో తరగతి లెక్కే. పది రూపాయల కారప్పూస ప్యాకెట్ లాంటిది ఉందనుకోండి. 55 గ్రాములు ఉండేది 42 అయింది. తగ్గింది 13 గ్రాములు. అంటే నూటికి దాదాపు 24. మరి ధర ఎంత పెరిగినట్టు? 24 శాతం అంటారు అందరూ. కాదమ్మా. పది రూపాయల్ని 55తో భాగిస్తే గ్రాము 18 పైసలు. 42తో భాగిస్తే దాదాపు 24 పైసలు. పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగు అంటే పెరిగింది నూటికి 31. తగ్గింది పావు భాగం, పెరిగింది మూడో వంతు! కొబ్బరికాయతో చెబుతాను. నాలుగు కొబ్బరికాయలు వచ్చే డబ్బుకి మూడే వచ్చాయి. నాలుగోది కొనాలంటే ఇంకెంత కావాలి? మూడింటికి ఇచ్చినదాంట్లో మూడో వంతు. తూకంలో కోత ఎప్పుడూ పైకి కనపడేదానికన్నా ఎక్కువే కోస్తుంది. ఇది మా తరగతిలో ఎన్ని సార్లు చెప్పానో, ఇంత ఉపయోగపడుతుందని అప్పుడు నాకూ తెలియదు.

ఎందుకిలా చేస్తారంటే, అయిదు రూపాయలు, పది రూపాయలు అనేవి మన చేతికి అలవాటైన ధరలు. బడి పిల్లాడు అయిదు రూపాయల బిళ్ల తెస్తాడు. దాన్ని ఆరు చేస్తే కొనడు. అందుకని గోధుమలు, పామాయిలు, కవరు ఖర్చు పెరిగితే బిళ్లని అలాగే ఉంచి బిస్కెట్‌ని సన్నం చేస్తారు. వాళ్లకి ఖర్చు పెరగలేదని నేననను, పెరిగింది. చెప్పి చేయొచ్చు కదా, ముందు వైపు పెద్దక్షరాల్లో "తూకం తగ్గించాం" అని వేయొచ్చు కదా అంటాను. ఫ్రాన్సులో 2024 జూలై నుంచి పెద్ద సూపర్‌మార్కెట్లు అలాంటి సరుకు దగ్గర బోర్డు పెట్టి తీరాలని, రెండు నెలలు ఉంచాలని నిబంధన తెచ్చారు. మన దగ్గరా రావాలి. అడగాలి మనం.

ఇక నూనె. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే వంటింటి డబ్బు జారిపోయేది ఎక్కువ ఇక్కడే. మన దేశంలో వాడే వంటనూనెలో సగం పైగా బయటి నుంచే వస్తుంది. ఇండోనేషియా, మలేషియా నుంచి పామాయిలు, రష్యా, ఉక్రెయిన్ వైపు నుంచి పొద్దుతిరుగుడు నూనె. 2022లో ఇండోనేషియా కొన్ని వారాలు పామాయిల్ ఎగుమతి ఆపితే మన ఊళ్లో బజ్జీల బండి ఆగింది. 2024 సెప్టెంబరులో దిగుమతి సుంకం పెంచారు, మళ్లీ ధర ఎక్కింది. 2025 మే నెలాఖరులో ముడి నూనె మీద కొంత తగ్గించారు. ఇదంతా మన చేతిలో లేదు. ప్యాకెట్ మాత్రం మన చేతిలోకే వస్తుంది కదా, దాన్ని చూద్దాం.

నూనె నీళ్ల కంటే తేలిక. లీటరు నూనె తూస్తే కేజీ ఉండదు, సుమారు 910 గ్రాములు ఉంటుంది. ఈ సంఖ్య గుర్తుపెట్టుకోండి, 910. ఇప్పుడు షాపుల్లో ఏముంది? లీటరు ప్యాకెట్ ఉంది, 910 గ్రాములు. దాని పక్కనే అదే ఎత్తులో, అదే వెడల్పులో ఇంకో ప్యాకెట్ ఉంటుంది, 850 గ్రాములని రాసి. 800ది కూడా ఉంటుంది. అన్నిటినీ మనం ఏమంటాం? "లీటరు ప్యాకెట్ ఒకటివ్వు బాబూ" అంటాం. ఆయన చేతికందింది ఇస్తాడు. లీటరుది 150 రూపాయలు, 850 గ్రాములది 143 అనుకోండి. ఏడు రూపాయలు తక్కువ కదా అని అదే తెచ్చుకుంటాం. కేజీ లెక్క కట్టండి. మొదటిది కేజీ 165 పడుతుంది. రెండోది 168. తక్కువ ధరకి తెచ్చింది ఎక్కువ ధర పడింది! నెలకి నాలుగు ప్యాకెట్లు తెచ్చే ఇంట్లో 240 గ్రాములు తక్కువ వచ్చింది. నెలాఖరు వారం పోపుకి నూనె ఉండదు. అప్పుడు ఆ మాట వస్తుంది. "అప్పుడే అయిపోయిందా?"

డబ్బా కొనేవాళ్లకి కూడా ఇదే. 15 కేజీల డబ్బా ఉంటుంది, 15 లీటర్ల డబ్బా ఉంటుంది. పెళ్లిళ్లకి, వ్రతాలకి తెస్తారు కదా. 15 లీటర్లంటే 13 కేజీల 650 గ్రాములే. కేజీల డబ్బాకి, లీటర్ల డబ్బాకి తేడా దాదాపు లీటరున్నర. అడిగి తీసుకోండి.

బియ్యం దగ్గర తమాషా తిరగబడింది. 2022 జూలై 18 నుంచి 25 కేజీల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. మిల్లులవాళ్లు ఏం చేశారు? 26 కేజీల బస్తా తెచ్చారు. 25 దాటింది కాబట్టి పన్ను లేదు. మన రెండు రాష్ట్రాల్లో ఇప్పుడు ఎక్కడ చూసినా 26 కేజీల బస్తాలే. కానీ కొన్నిచోట్ల 25 కేజీలవీ ఉంటున్నాయి. ఒకటి 1,500, ఇంకోటి 1,535 అంటే ఏది చవక? చటుక్కున 1,500 అంటాం. భాగించండి. అరవై రూపాయలొకటి, యాభై తొమ్మిది రూపాయల చిల్లర ఇంకోటి. పన్ను పడని బస్తాని పన్ను పడిన ధరకి అమ్మేవాళ్లు కూడా ఉంటారు, అందుకే ప్రతిసారీ భాగించాలి.

ఈ మధ్య సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గింది కదా. బిస్కెట్ల మీద 18 శాతం ఉండేది 5 అయింది. అయిదు రూపాయల ప్యాకెట్ నాలుగు రూపాయల నలభై అయిదు పైసలు కావాలి. నలభై అయిదు పైసలు ఎవరి దగ్గరుంది? అందుకని ధర అయిదే ఉంచి తూకం పెంచుతున్నారు. మంచిదే. ఎంత పెరగాలి? 55 గ్రాములది దాదాపు 62 కావాలి. మీ పిల్లలకి ఈ లెక్క ఇవ్వండి. వాళ్ల జేబులో ఉన్న ప్యాకెట్ తీసి, సెప్టెంబరు ముందు కవరు దొరికితే పక్కన పెట్టి చూడమనండి. మా మనవడు చూశాడు, ఇప్పుడు వాడు చదవకుండా ఏ కవరూ చింపడు.

"మరి పేపర్లో ధరలు తగ్గాయని వచ్చింది కదండీ" అని ఇందాక గుమ్మం దగ్గర ఒకాయన అడిగారు. వచ్చింది, నేనూ చదివాను. అక్టోబరులో ఆహార ధరల సూచీ పోయినేడాది కంటే 5 శాతం తగ్గింది. అబద్ధం కాదు. పోయిన అక్టోబరులో అది దాదాపు 11 శాతం పెరిగి ఉంది. నూరు ఉన్నది నూటపదకొండయి, ఇప్పుడు నూటఅయిదు, ఆరుకి దిగింది. నూరుకి రాలేదు. కూరగాయలు, పప్పులు బాగా దిగాయి, నూనె దిగలేదు. మీ ఇంట్లో నూనె, టిఫిన్ సరుకు ఎక్కువ వాడితే ఆ తగ్గుదల మీదాకా రాదు. అందుకే ఎవరి ఇంటి సూచీ వాళ్లే రాసుకోవాలి.

నేనిప్పుడు పుస్తకం ఎలా రాస్తున్నానో చూడండి. సరుకు పేరు. పక్కన గ్రాములు. ఆ పక్కన రూపాయలు. చివరి గడిలో కేజీకి ఎంత పడింది. నాలుగు గడులు, అంతే. ఏ సరుకు ఏ రోజు ముట్టుకున్నామో, ఏ రోజు అయిపోయిందో కూడా రాస్తాను. మూడు నెలలు రాస్తే చాలు, మీ ఇల్లు ఏం తింటోందో మీకే తెలుస్తుంది. ఎవరైనా "అప్పుడే అయిపోయిందా" అంటే పుస్తకం తీసి చూపించొచ్చు. మాట పడక్కర్లేదు.

ఏమిటమ్మా? యాప్‌లో చవక అంటున్నావా? కొన్ని సరుకులు చవకే, కాదనను. డిస్కౌంటు ఎంతని కాకుండా గ్రాము ఎంత పడిందని చూడు. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకనీ అనుకోవద్దు. షాంపూ చూడండి, సీసా కంటే రెండు రూపాయల సాషేలే మిల్లీలీటరు లెక్కన చవక పడటం చాలాసార్లు చూశాను. మన కొట్టు బాబాయిగారు వెనక కూర్చుని నవ్వుతున్నారు. ఆయన నాతో ఒక మాట అన్నారు మొన్న. "అమ్మా, కంపెనీ తూకం తగ్గిస్తే జనం నన్ను తిడుతున్నారు, నేనేదో మార్చి ఇచ్చినట్టు" అని. అదీ నిజమే. వంటింట్లో కోడలి మీద పడ్డట్టే కొట్లో ఆయన మీద పడుతోంది. నెలాఖరున ఖాతా రాసి సరుకిచ్చేది ఏ యాప్? ఆయన్ని పోగొట్టుకోకండి. ఆయన దగ్గరే లూజుగా కందిపప్పు, శనగపప్పు కాటా మీద తూయించుకోండి, కాటా సున్నా మీద ఉందో లేదో చూసి మరీ.

ఇప్పుడు అదనుకి కొనడం. మన వైపు వాళ్లకి దీన్ని నేను చెప్పాలా? కానీ మానేశాం కదా, అందుకే చెబుతున్నాను. మాగాణిలో వరి కోశాక వేసిన మినుములు ఫిబ్రవరి, మార్చిలో వస్తాయి. కందులు సంక్రాంతి దాటాక. పసుపు మనకి దుగ్గిరాల యార్డు పక్కనే. మిరపకాయలు గుంటూరు యార్డుకి ఎండాకాలం మొదట్లో ముంచెత్తుతాయి. చింతపండు మార్చి, ఏప్రిల్. ఈ ఏడాది ఫిబ్రవరిలో మిర్చి రైతు ధర లేక ఏడ్చాడు. కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలని ధర ప్రకటించాల్సి వచ్చింది. అంటే కేజీ 118 లోపే. మీ ఇంట్లో కారం ప్యాకెట్ తీసి గ్రాము ధరని వెయ్యితో గుణించి చూడండి. దంచినందుకు, కవరు వేసినందుకు, మధ్యలో చేతులు మారినందుకు ఎంత పడుతోందో తెలుస్తుంది. రైతుకి తగ్గింది, మనకి తగ్గలేదు.

నేను ఏడాదికి సరిపడా మిరపకాయలు తొడిమ తీసి, రెండెండలు ఎండబెట్టి మర పట్టిస్తాను. మినుములు ఎండబెట్టి, వేడి పూర్తిగా చల్లారాక డబ్బాలో పోసి, వేపాకు ఎండినది వేస్తాను. వేడి మీద పోస్తే చెమ్మ పట్టి పురుగొస్తుంది, ఇది చాలామంది చేసే పొరపాటు. కందిపప్పుకి కేజీకి చిన్న చెంచాడు ఆముదం అరచేతులకి రాసుకుని, పప్పుని పిసికినట్టు కలపాలి, ప్రతి పలుకూ మెరవాలి. వండే ముందు గోరువెచ్చని నీళ్లతో కడిగితే పోతుంది. బియ్యానికి కొందరు బోరిక్ పౌడరు కలుపుతారు. అది మాత్రం వద్దమ్మా, పిల్లలు తినే అన్నం. ఎండుమిరపకాయలు, వేపాకు చాలు.

కందులు కొని పట్టించాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. నాలుగు కేజీల కందులకి మూడు కేజీల పప్పు వస్తే మంచి దిగుబడి. మిగతాది పొట్టు, నూక. అది లెక్కలో వేసుకుని చూస్తేనే చవకో కాదో తెలుస్తుంది. పిక్క చింతపండు కూడా అంతే. ఒక కేజీ ఒలిచి ఎంత వస్తుందో తూచి, అప్పుడు ధర కట్టండి.

అప్పు చేసి మాత్రం ఏడాది సరుకు కొనొద్దు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కొంటే మిగిలిందంతా వడ్డీకే పోతుంది. చేతిలో లేకపోతే నలుగురు కలవండి. డ్వాక్రాలో కలిసే కూర్చుంటారు కదా వారం వారం, అక్కడే ఒక బస్తా మినుములు తెచ్చి పంచుకోండి. మా వీధిలో ఆరిళ్లవాళ్లం అలాగే చేస్తున్నాం.

కొరత వస్తుందన్న పుకారు విని ఎగబడటం మాత్రం వేరు. 2023 జూలైలో మన ప్రభుత్వం బియ్యం ఎగుమతి ఆపినప్పుడు అమెరికాలో మన తెలుగువాళ్లే సోనా మసూరి బస్తాల కోసం షాపుల ముందు వరసలు కట్టారు. ఒక్కొక్కరు అయిదేసి, పదేసి. ధర ఎవరు పెంచారు అప్పుడు? ఆ వరసే పెంచింది.

అదే నెలలో ఇక్కడ టమాటా. మదనపల్లె మార్కెట్‌లోనే కేజీ 150 దాటింది. ప్రభుత్వం రైతు బజార్లలో 50 రూపాయలకి అమ్మింది, వరసలో నిలబడ్డాం. రెండు నెలలు తిరగకుండా రైతులు రోడ్డు మీద పారబోశారు. టమాటా ఇంత ఊగిపోతుంటే మనం దానికే ఎందుకు వేలాడాలి? పులుపుకి మనకి చింతపండు ఉంది, చింతచిగురు ఉంది, గోంగూర, చుక్కకూర, మామిడికాయ ఉన్నాయి. టమాటా కేజీ పది రూపాయలున్నప్పుడు వరుగులు కోసి ఎండబెట్టుకుంటే ఏడాది పొడుగునా ఉంటాయి. రైతు బజారుకి వెళ్లండి. 1999 జనవరి 26న మొదలైనవి అవి, రోజూ ధరల బోర్డు రాస్తారు. ఏమీ కొనకపోయినా ఆ బోర్డు చూసి రండి, వీధి బండి దగ్గర బేరానికి పనికొస్తుంది.

ఇంకొక మాట. ఈ మాట కోసమే నేనిక్కడికి వచ్చాను.

ఇంట్లో సరుకు తగ్గినప్పుడు ముందు ఎవరి కంచంలో తగ్గుతుంది? మా అమ్మ అందరికీ పెట్టి చివర తినేది. గిన్నె అడుగున మిగిలిన పప్పులో చారు నీళ్లు కలుపుకుని తినేది. "నాకు పప్పు పడదే" అనేది మాతో. మేం నమ్మాం. పెద్దయ్యాక మా ఇంటికి వచ్చినప్పుడు ముద్దపప్పు, నెయ్యి వేసి పెడితే రెండుసార్లు అడిగి వేయించుకుంది. పప్పు పడకపోవడమేమిటి? పప్పు చాలక ఆ మాట అంది. అది అర్థమవడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది.

2019–21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఇక్కడ వందమంది ఉంటే యాభై తొమ్మిది మంది. తూకం తగ్గిన ప్యాకెట్ చివరికి వచ్చి చేరేది ఈ లెక్కలోకే. అందుకని పొదుపు చేయాల్సి వస్తే బయటి చిరుతిళ్లలో చేయండి, ప్యాకెట్ సరుకులో చేయండి, మీ కంచంలో పప్పు దగ్గర చేయకండి. కందిపప్పు ఎక్కువైతే పెసరపప్పు వండండి, అలసందలు, ఉలవలు వండండి. తోటకూర, మునగాకు పప్పులో వేయండి, పప్పు ఒదుగుతుంది, ఒంటికీ మంచిది. వండినదాన్ని అందరూ ఒకేసారి కూర్చుని తినండి. ఆఖరున తినేవాళ్లు ఉండకూడదు ఇంట్లో. మగవాళ్లు కూడా వింటున్నారు కదా, మీకే చెబుతున్నాను బాబూ.

ఫిర్యాదు సంగతి. ఎమ్మార్పీ మీద ఎక్కువ తీసుకున్నా, ఎమ్మార్పీ కనపడకుండా ఎక్కువ ధర స్టిక్కరు అంటించినా, తూకం తక్కువున్నా 1915కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. ధర పెంచడానికి స్టిక్కరు వేయకూడదు, తగ్గించడానికే వేయాలి, అప్పుడు కూడా అసలు ధర కప్పకూడదు. నేనొకసారి ఒక షాపులో పిండి ప్యాకెట్ మీద స్టిక్కరు గోటితో గీకి చూస్తే కింద తొమ్మిది రూపాయలు తక్కువ ధర ఉంది. బిల్లు, ఫోటో పెట్టుకుని అడిగితే వెంటనే తిరిగిచ్చారు. బిల్లు లేకపోతే మాట నిలబడదు, బిల్లు అడగండి.

టైమ్ అయిందని లైబ్రేరియన్ గారు సైగ చేస్తున్నారు. ఒక్క నిమిషం. ఈ సంచిలో ఇంకొకటి ఉంది, ఇదుగో, చిన్న కాటా. వంటింట్లో వాడేది, అయిదు కేజీల దాకా తూస్తుంది. దీన్ని ఇక్కడే వదిలి వెళుతున్నాను. వారు ఒప్పుకున్నారు, పేపర్ల బల్ల పక్కన ఉంటుంది. కాటా పక్కన ఒక నోటు పుస్తకం పెట్టాను. సరుకు పేరు, పాత తూకం, కొత్త తూకం, ధర, తేదీ గడులు గీశాను. మీ ఇళ్లలో పాత కవర్లు పారేయకండి, డబ్బాల అడుగున, అలమార అరల్లో పరిచినవి ఉంటాయి, వెతకండి. దొరికితే పట్టుకొచ్చి ఇక్కడ రాయండి. నాలుగు పేజీలు నిండాక దాని నకలు తీసి వినియోగదారుల శాఖకి పంపుదాం, తూకం తగ్గిస్తే ముందు వైపే అచ్చేయమని అడుగుదాం.

మొదటి వరస రాయడం అయిపోయింది. పొద్దున మా ఇంట్లో, ఆ అమ్మాయే రాసింది, తన చేత్తో. అంట్లు తోమే సబ్బు, 155, 135, పది రూపాయలు. రెండో వరస ఎవరు రాస్తారు? పెన్ను ఇదుగో.